ఊపిరి రేకు

మా ఆయన ఊపిరితిత్తులను పాడు చేసిందీ, ఆయనకు ఊపిరి అందించిందీ ఒకటే పొడి. ఈ మాట ఎక్కడ అన్నా నేనేదో వేదాంతం చెబుతున్నానని తలలూపుతారు. నాకు వేదాంతం రాదు. లోహాన్ని మెత్తగా పొడి చేయడం, ఆ పొడిని మళ్ళీ రేకుగా మార్చడం, ఈ రెండే నాకు వచ్చిన విద్యలు.

రేకు చేయాలంటే లోహాన్ని కరిగించి, దిమ్మలు పోసి, ఎర్రగా కాల్చి సాగదీస్తారని అందరికీ తెలిసిందే. మేము కరిగించం. రెండు ఉక్కు రోళ్ళు పక్కపక్కనే ఉండి ఒకదాని వైపు ఒకటి తిరుగుతుంటాయి. పైనున్న పెద్ద గరాటులోంచి వాటి మధ్య సందులోకి పొడి జారితే కిందనుంచి రేకు దిగుతుంది. రోడ్డు పక్కన చెరకు రసం తీసే మిషను చూసినవాళ్ళకు ఇంతకంటే వివరించక్కర్లేదు. అక్కడ పిప్పి వస్తుంది, మాకు రేకు వస్తుంది, అంతే తేడా. అప్పుడే దిగినదాన్ని పచ్చిరేకు అంటాం. దాని పక్కన నిలబడి గట్టిగా తుమ్మినా విరిగిపోతుంది. హైడ్రోజన్ నింపిన కొలిమిలోంచి మెల్లగా నడిపిస్తే అప్పుడు రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిపడతాయి.

మా ప్రయోగశాల విశాఖపట్నంలో, ఓడరేవు క్రేన్లు కనబడే ఒక గుట్ట మీద ఉంది. అక్కడ పొడిగదికి పెద్ద భుజంగరావుగారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన నాకు పై అధికారి. తర్వాత భర్త అయ్యారు, అధికారం నా చేతికి వచ్చింది. ఆ పొడి మైదాకంటే మెత్తన. డ్రమ్ము మూత తీస్తే చాలు, గాలిలోకి లేచి కిటికీలోంచి పడే ఎండలో తళతళలాడేది. ఆ రోజుల్లో మాస్కు అంటే ముక్కుకు కట్టుకున్న చేతిరుమాలే. చూడటానికి ఎంత బాగుండేదో చెప్పలేను. ఆ అందమంతా ఏళ్ళ తరబడి ఆయన ఛాతీలోకి పోయి కూర్చుంది. ఉద్యోగం వదిలేసి ఇంటికి వచ్చేసరికి ఆయనకు వీధి గుమ్మం దాకా నడవడానికి ఊపిరి చాలేది కాదు.

ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టాం. దాన్నుంచి పొడుగాటి గొట్టం ఆయన ముక్కుకు. గొట్టం ఎంతవరకు సాగితే ఆయన ప్రపంచం అంతవరకే. వంటింటి దాకా వస్తుంది, వరండా మెట్టు దాకా వస్తుంది, గేటు దాకా రాదు. మాతోనే ఉంటున్న మా పెద్దాడపడుచు సుభద్రమ్మ వదిన రోజుకోసారైనా ఆ గొట్టం కాలికి తగిలి తూలేది.

"ఒరే భుజంగం, ఈ గొట్టానికి తోడు నువ్వూ అడ్డంగా కూర్చుంటే నేనెటెళ్ళాలిరా?"

"ఎగిరి... దూకీ... అక్కా," అనేవారు ఆయన.

వేళాకోళం ఆడటం ఆయన మానలేదు. కానీ అది పూర్తయ్యేలోపు మేము నవ్వు ముఖాలు పెట్టుకుని ఎదురుచూడవలసి వచ్చేది. ఆ ఎదురుచూపంటే నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ మంటతోనే ఊపిరి రేకు పని మొదలుపెట్టాను.

మేము చేసే మిశ్రమాల్లో ఒకదానికి ఒక వింత గుణం ఉందని లెక్కల్లో తేలింది. దాన్ని రేకుగా తీసి, అందులో కంటికి కనిపించని సన్నటి దారులు ఒకదానితో ఒకటి కలిసి ఉండేలా చూడగలిగితే, అది గాలిలోంచి ఆక్సిజన్‌ను మాత్రమే తన చల్లటి వైపు నుంచి వెచ్చటి వైపుకు లాగుతుంది. కరెంటు అక్కర్లేదు, సిలిండరు అక్కర్లేదు. ఛాతీకి ఆనించి కట్టుకుంటే ఒంటి వేడే దాన్ని నడిపిస్తుంది. కష్టమల్లా ఆ దారుల దగ్గరే. రేకు గట్టిగా వస్తే దారులు మూసుకుపోయేవి. దారులు ఉంచితే రేకు ముక్కలయ్యేది. మా డైరెక్టరుగారు మొదట్లో "ఎంతవరకొచ్చిందమ్మా హైమవతీ?" అని అడిగేవారు. తర్వాత తర్వాత అడగడం మానేసి నన్ను చూసి నిట్టూర్చడం మొదలుపెట్టారు.

అలా ఉండగా దసరా వచ్చింది. ఎంత సైన్సు చదివినా ఆయుధపూజ నాడు మా రోళ్ళకు బొట్టు పెట్టాల్సిందే, బంతిపూల దండ వేయాల్సిందే. పూజ చేసేది మా సేఫ్టీ ఆఫీసరు అప్పలనరసయ్యగారు. ఆయనకు రెండే నిష్ఠలు, అమ్మవారు ఒకటి, అగ్నిప్రమాదాల నివారణ రెండోది. ఆ రెండూ పొడిగది గుమ్మంలో ఎదురుపడ్డాయి. అంత మెత్తటి లోహపు పొడి ఉన్నచోట అగ్గిపుల్ల గీస్తే గది మిగలదు.

"అగ్గి లేకండా హారతెలాగిస్తాం మేడమ్?" అన్నారాయన, ఇత్తడి పళ్ళెంలో కర్పూరం బిళ్ళలు పెట్టుకుని.

"ఇవ్వకండి," అన్నాను.

"అమ్మవారు ఏటనుకుంటాది?"

"నిప్పు తేరాదని మీరు రాయించిన బోర్డు గోడ మీద ఉంది. అమ్మవారికి చదువొచ్చు."

ఆయన కాసేపు బోర్డు వైపు, కాసేపు పళ్ళెం వైపు చూసి తానే దారి కనిపెట్టారు. వెలిగించని కర్పూరంతో హారతి ఇచ్చారు. గంట మోగిస్తూ, కళ్ళు మూసుకుని, పళ్ళెం రోళ్ళ ముందు తిప్పారు. మేమందరం వరసగా వెళ్ళి లేని మంట మీద చేతులు చాచి కళ్ళకద్దుకున్నాం. నాకు నవ్వు ఆపుకోవడం కష్టమైంది. అయినా అద్దుకుంటున్నప్పుడు లోపల గట్టిగా మొక్కుకున్నాను. తర్వాత గదికి తాళం వేసి అందరం సెలవులకు వెళ్ళిపోయాం.

సెలవులు అయ్యాక మొట్టమొదట పోసిన డ్రమ్ముతోనే పని జరిగిపోయింది. పచ్చిరేకు విరగకుండా దిగింది. తడిచీరను ఇద్దరు చెరో కొస పట్టుకున్నట్టు నేనూ అప్పలనరసయ్యగారూ దాన్ని పట్టుకుని కొలిమి దాకా నడిచాం. గట్టిపడి బయటికి వచ్చాక ఒక పక్క వెచ్చజేసి చూస్తే ఆక్సిజన్ మీటరు ముల్లు లేచింది. మీటరు పాడైందేమోనని ఆయన దాన్ని వేలితో కొట్టి చూశారు. ముల్లు దిగలేదు.

రేకును మడతలు పెట్టి అరచేతి వెడల్పు పెట్టెలో బిగించి ఇంటికి తెచ్చాను. మా ఆయన ఛాతీకి పట్టీతో కట్టి, దాని సన్నటి గొట్టం ముక్కు దగ్గర పెట్టి, ఎదురుగా కూర్చున్నాను. ఒంటి వేడి పాకేదాకా ఏమీ కాలేదు. తర్వాత వేలికి తగిలించిన మీటరులో అంకె మెల్లగా ఎక్కడం మొదలైంది. అది ఆగేచోట ఆగాక నేను లేచి పాత మిషను కట్టేశాను. ఆయన లేచారు. వరండా మెట్టు దిగారు. గేటు తీసి, ఒక్కరే రైతుబజారుకు వెళ్ళి వంకాయలు కొనుక్కొచ్చారు.

"బేరమాడేను హైమా!" అన్నారు గుమ్మంలోంచే సంచీ ఎత్తి చూపిస్తూ. "పుచ్చువన్నీ ఏరి పక్కన పెట్టి, ఆవిడతో తగువు పడి, నాకక్కర్లేదని నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కి పిలిపించుకుని మరీ కొన్నాను."

ఎక్కడా ఆగకుండా అన్నారు. బేరమాడటానికి ఎంత ఊపిరి కావాలో నాకు అప్పుడే తెలిసింది. సుభద్రమ్మ వదిన కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ పూట భోజనాల దగ్గరే చెడింది. ముద్ద కలుపుతూ ఆయన అడిగారు.

"ఇంత రేకు చిన్న రోళ్ళ మీద రాదు. పెద్ద రోళ్ళే తిప్పుంటారు. గరాటులో పొడి ఎవరు పోశారు?"

"నేనే."

ఆయన చెయ్యి కడిగేసుకున్నారు. చొక్కా గుండీలు విప్పి, పట్టీ తీసి, పెట్టెను నా కంచం పక్కన పెట్టారు.

"మాస్కు పెట్టుకున్నానండీ. దుమ్ము లాగే ఫ్యాన్లు కూడా ఉన్నాయి."

"నాకూ ఫ్యాన్లుండేవి," అన్నారు. మాటల మధ్య ఆగడం అప్పుడే మొదలైపోయింది. "ఆ పొడి... మాస్కుల్ని లెక్కచెయ్యదు. నువ్వది పీల్చి... నేను ఊపిరి తీసుకోవాలా?"

బతిమాలాను, అరిచాను, ఏడ్చాను. ఆయన పెదవులు నల్లబడుతున్నా పెట్టె ముట్టుకోలేదు. చివరికి నేనే లొంగి మాట ఇచ్చాను. దుమ్ము లేవకుండా పొడి పోసే ఉపాయం దొరికేదాకా పెద్ద రోళ్ళను ముట్టుకోను, ఎవరినీ ముట్టనివ్వను. అప్పుడు గానీ మళ్ళీ కట్టించుకోలేదు.

ఈ సంగతి తెలిసి డైరెక్టరుగారు "దానిదేముందమ్మా, పొడి పోయడానికి కాంట్రాక్టు మనుషుల్ని పెట్టిద్దాం" అన్నారు. ఆ మాట ఇంట్లో చెప్పాను.

"వాళ్ళకి ఊపిరితిత్తులుండవేటి?" అన్నారు మా ఆయన. "నాలాంటి వాడినొకణ్ణి తయారు చేసి నన్ను బతికిస్తారా? అలా చేసిన రేకు తెస్తే నేను కట్టుకోను హైమా. ముందే చెప్పీసేను."

ఆయన మొండితనం మీద నాకు ఎంత కోపం వచ్చిందో, ఆ మాట మీద అంత గౌరవమూ వచ్చింది. డైరెక్టరుగారికి కుదరదని చెప్పాను. పెద్ద రోళ్ళకు గుడ్డ కప్పాం.

ఆ చలికాలం మా ఇల్లు పెళ్ళివారిల్లులా ఉంది. ఆయన మునిసిపాలిటీ కుళాయి దగ్గర నుంచి క్రికెట్ దాకా దొరికిన ప్రతి విషయం మీదా ఎవరితోనో ఒకరితో వాదిస్తూనే ఉండేవారు. ఎండలు ముదిరేసరికి వాదనలు తగ్గాయి. మెట్లు ఎక్కాక గోడ పట్టుకోవడం మొదలుపెట్టారు. రేకును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. ఒంటి వేడికే రేణువులు రోజురోజుకూ ఒకదాని వైపు ఒకటి జరుగుతున్నాయి. దారులు పూడుకుపోతున్నాయి. ఇలా అవుతుందని నా లెక్కల్లో ఎక్కడా లేదు. వానాకాలం దాటేలోపు అది మామూలు రేకు ముక్క అయిపోతుంది.

ఇంకో రేకు చేయాలి. చేతితొడుగులు బిగించిన గాజుపెట్టెలో చిన్న రోళ్ళు పెట్టుకుని, దుమ్ము బయటికి రాకుండా, వేలెడేసి రేకులు తీస్తూ పోయాను. అదే మిశ్రమం, అదే ఒత్తిడి, అదే కొలిమి. రేకులైతే చక్కగా వచ్చేవి. బిస్కెట్ల డబ్బా చేసుకోవడానికి పనికొచ్చేవి. ఒక్కదాంట్లోంచీ ఆక్సిజన్ రాలేదు. దసరా తర్వాతి ఆ ఒక్క డ్రమ్ములో ఏముందో, ఆ తర్వాత తెరిచిన డ్రమ్ముల్లో ఏం లేదో నాకు అంతుపట్టలేదు. పోనీ దాన్నే మళ్ళీ పరీక్షిద్దామంటే ఆ పొడి చివరి రేణువు దాకా వాడేశాం.

ఊపిరితిత్తుల డాక్టరు మెహరున్నీసాగారు ఎక్స్‌రే చూసి నన్ను పక్కకు పిలిచారు. "పాత మిషను ఇక ఆయనకు చాలదమ్మా. అప్పటికీ ఇప్పటికీ ఊపిరితిత్తులు ఇంకా బిగుసుకుపోయాయి. మీ రేకు ఇంకోటి వస్తే సరే. లేకపోతే..." ఆవిడ అక్కడితో ఆపి నా భుజం మీద చెయ్యి వేశారు. నేను ఏడవలేదు. ఇంటికి వెళ్ళి అన్నం వండాను.

శ్రావణ శుక్రవారం నాడు సుభద్రమ్మ వదిన దేవుడి గూటి ముందు కూర్చుని హారతి కోసం కర్పూరం డబ్బా మూత తీసి గొల్లుమంది.

"మొన్ననే కదే నిండా పోశాను! ఎవరు తీసేరు?"

పక్కగదిలో మంచం మీదనుంచి మా ఆయన అన్నారు. "మిరియాలు... వేశావా అక్కా?"

"అయ్యో నా మతిమరుపు మండ. మర్చిపోయేన్రా."

కర్పూరం డబ్బాలో నాలుగు మిరియాలు వేయకపోతే కర్పూరం హరించుకుపోతుందని మా ఇళ్ళల్లో పిల్లలకు కూడా తెలుసు. మిరియం నిజంగా ఆపుతుందో లేదో నేను ఏనాడూ పరీక్షించలేదు, వేయడమూ మానలేదు. వదిన చేతిలోంచి డబ్బా తీసుకుని లోపలికి చూశాను. మంట లేదు, మసి లేదు, బూడిద లేదు. ఉన్న చోటును ఖాళీగా వదిలేసి కర్పూరం వెళ్ళిపోయింది. నాకు దసరా నాటి ఇత్తడి పళ్ళెం గుర్తొచ్చింది. చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తి ఆటో ఎక్కాను.

అప్పలనరసయ్యగారు తన గదిలో టీ తాగుతున్నారు.

"ఆ రోజు హారతి కర్పూరం ఏం చేశారు?" అన్నాను గుమ్మంలోంచే.

ఆయన కప్పు కింద పెట్టేశారు. "మీరు కోప్పడకూడదు మేడమ్."

"కోప్పడతాను. చెప్పండి."

"అమ్మవారికి తిప్పీసిన కర్పూరం పారబొయ్యకూడదు గదండి. వెలిగించడానికి లేదాయె. ఉన్న డ్రమ్ముల్లో ముందు వాడబోయే దాంట్లోనే, పొడి మీద పెట్టీసి మూతేసీసేను. పొట్లం మొత్తం. సెలవులయ్యాక తీద్దామని చూస్తే లేదు. అమ్మవారు అందుకుందనుకున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"పొడి డ్రమ్ములో వేరే వస్తువు పడితే సస్పెండని ఆ రెండో బోర్డు మీరే రాయించేరు గదండి!"

కోప్పడటానికి నా దగ్గర కోపం మిగల్లేదు. ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. ఆయన హడలిపోయి కుర్చీతో సహా వెనక్కి జరిగారు.

తర్వాత పని గాజుపెట్టెలో సాఫీగా నడిచింది. మూసిన డ్రమ్ములో కర్పూరం ఆవిరై పొడి రేణువుల మధ్య పేరుకుంది. రోళ్ళు రెండిటినీ కలిపి నొక్కాయి. కొలిమిలో రేణువులు పట్టుకునేలోపే కర్పూరం ఎగిరిపోయి తాను ఉన్న చోటంతా దారులుగా వదిలేసింది. ఈసారి సెలవుల దాకా ఆగకుండా కర్పూరాన్ని స్పిరిట్‌లో కరిగించి పొడిలో కలిపి ఆరబెట్టాను. వేలెడు రేకు వచ్చింది. మీటరు ముల్లు లేచింది. నేను కేక పెట్టాను. కేక ఇంకా నోట్లో ఉండగానే ఫోను మోగింది. మా ఆయనను ఆసుపత్రిలో చేర్చారు.

వేలెడు రేకు మనిషికి చాలదు. పెద్ద రోళ్ళు తిప్పాలి. మూత బిగించిన మిక్సరులో డ్రమ్ముకు సరిపడా పొడి, కర్పూరం కలిపి సిద్ధం చేయించాను. అది ఆరేసరికి మాస్కు కట్టుకుని, పెద్ద రోళ్ళ మీద గుడ్డ లాగేసి, డ్రమ్ము దగ్గరికి నడిచాను. అప్పలనరసయ్యగారు అడ్డంగా నిలబడ్డారు.

"మేడమ్, మీరు సారుకి మాటిచ్చీసేరు."

"ఆయన పోయాక ఆ మాట నిలబెట్టుకుని నేనేం చేసుకోను?"

"పోనీ మీరు పోసీసినా, సారు కట్టుకుంటారేటి?"

కట్టుకోరు. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు. చిన్న రోళ్ళ మీద తీశానని అబద్ధం చెప్పొచ్చు. ఆ పొడితో జీవితమంతా గడిపిన మనిషికి చిన్న రోళ్ళ మీద ఇంత వెడల్పు రేకు రాదని నేను చెప్పాలా? ఇంతా చేసి ఆయన దాన్ని చేత్తో పక్కకు తోసేయడం కళ్ళకు కట్టింది.

"కనీసం ఎలా ఉందో చూడనివ్వండి. చూడటం పోయడం కిందికి రాదు," అన్నాను.

ఆయన ఎప్పటి అలవాటు ప్రకారం లైటు ఆర్పి టార్చి వెలిగించారు. దుమ్ము లేస్తే టార్చి వెలుగులో తళతళ తెలిసిపోతుంది. నేను మూత తీశాను. ఏమీ మెరవలేదు. టార్చి సరిగ్గా పట్టమన్నాను. సరిగ్గానే పట్టానన్నారు. చేట గరిటెతో ఎత్తి డ్రమ్ములోకే మెల్లగా ఒంపాను. సన్నటి రవ్వ రాలింది.

మైదా రవ్వ అయిపోయింది. దసరా డ్రమ్ములో ఒట్టి ఆవిరిగా పేరుకున్న కర్పూరం చేయని పని, స్పిరిట్‌లో కరిగి ఆరిన కర్పూరం చేసింది. రేణువులను గుత్తులు గుత్తులుగా అంటించి ఉంచింది. దుమ్మును అవి లాగేయకుండా ఫ్యాన్లు ఆపించాను. ఈసారి భుజం ఎత్తు నుంచి పోశాను. టార్చి వెలుగులో రవ్వ పడటం కనిపించింది, దుమ్ము కనిపించలేదు. దుమ్ము కొలిచే యంత్రం తెచ్చి పెట్టాం. ఖాళీ గదిలో ఎంత చూపిస్తుందో అంతే చూపించింది. గాజుపెట్టెలో ఇదివరకే కలిపానే గానీ, లోపలంతా ముందునుంచే దుమ్ము పట్టి ఉండటంతో ఈ తేడా నా కంట పడలేదు. నేను డ్రమ్ము అంచు పట్టుకుని కింద కూలబడ్డాను. అంత సంతోషం ఒక్కసారి వస్తే నిలబడటం కష్టం.

"పొయ్యండి మేడమ్," అన్నారు అప్పలనరసయ్యగారు, పక్కకు తప్పుకుని. "ఇప్పుడు ఆపితే నాకు పాపం."

పోశాను. రోళ్ళు తిరిగాయి. పచ్చిరేకు మొదటి దానికంటే నున్నగా దిగింది.

ఆసుపత్రికి వెళ్ళేసరికి మా ఆయన మంచం మీద ముందుకు వంగి కూర్చుని ఉన్నారు. పడుకుంటే ఊపిరి అందడం లేదట. ముఖం మీద పెద్ద మాస్కు. సుభద్రమ్మ వదిన ఆయన పాదాలు నిమురుతూ కూర్చుంది. డాక్టరుగారు మీటరు వైపే చూస్తున్నారు. నేను పెట్టె తీసి ఛాతీకి ఆనించబోతే ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. ఆ పట్టులో బలం లేదు, పట్టుదల మాత్రం ఎక్కడికీ పోలేదు.

"పొడి..." అన్నారు మాస్కు లోంచి. "ఎవరు..."

"నేనే పోశాను. పెద్ద రోళ్ళలోనే."

ఆయన కళ్ళు మూసుకుని ముఖం పక్కకు తిప్పుకున్నారు.

"భుజంగరావుగారూ, ఇది పంతాలకు పోయే సమయం కాదు," అన్నారు డాక్టరుగారు.

నేను సంచీలోంచి చిన్న సీసా తీశాను. మంచం పక్కన బల్ల మీదున్న స్టీలు ట్రే ఆయన ఒళ్ళో పెట్టి, కిటికీలోంచి వచ్చే ఎండ దాని మీద పడేలా జరిపి, సీసా మూత తిప్పాను. ఆ చప్పుడుకు కళ్ళు తెరిచారు. ఆ పొడిని ఎక్కడున్నా గుర్తుపడతారు. కంగారుగా ఒక చేత్తో అక్కను దూరంగా వెళ్ళమని సైగ చేసి, ఇంకో చెయ్యి నా ముక్కుకు అడ్డం పెట్టారు. తనకు ఊపిరి ఆడని మనిషి నా ముక్కు మూశారు. ఆ చెయ్యి తీసి పట్టుకుని, పొడి ట్రేలో ఒంపాను.

"ఊదండి," అన్నాను.

"ఆయన ఊదలేరమ్మా," అన్నారు డాక్టరుగారు.

మా ఆయన నా ముఖంలోకి చూశారు. నేను ఆటలాడటం లేదని తెలిసింది. మాస్కు తానే పక్కకు లాగి, ట్రే మీదికి వంగి, లోపల మిగిలిన ఊపిరంతా పోగుచేసుకుని ఊదారు. కొన్ని పలుకులు ట్రేలో అటునుంచి ఇటు దొర్లాయి. ఎండలో ఏమీ మెరవలేదు. మాస్కు ముఖానికి అదుముకుని కాసేపు ఆయాసంగా ఊపిరి పీల్చారు. మళ్ళీ తీసి ఇంకోసారి ఊదారు. సుభద్రమ్మ వదిన ఎండలోకి తల పెట్టి చూసి "ఏటీ లేవలేదురా," అంది, ఏం లేవాలో తనకు తెలియకపోయినా.

ఆయన చూపుడువేలు ట్రేలో అద్ది, బొటనవేలితో నలిపి, వాసన చూశారు. నా వైపు తిరిగి కనుబొమలు ఎగరేశారు.

"కర్పూరం," అన్నాను. "పిండి రవ్వయింది. పొడిగదిలో ఫ్యాన్లు ఆపి పోశాను. దుమ్ము లేదు. ఇంక ఎప్పటికీ లేవదు."

ఆయన చొక్కా మొదటి గుండీ మీద చెయ్యి వేశారు. అది ఊడలేదు. దాన్నీ, మిగతావాటినీ నేను విప్పాను.

పెట్టె వెచ్చబడేదాకా నా అరచెయ్యి దాని మీద ఉంచాను. అలా ఉంచితే పనికి అడ్డమని, బయటి వైపు చల్లగా ఉండాలని నాకు తెలుసు. అయినా తీయలేకపోయాను. డాక్టరుగారే నా చెయ్యి మెల్లగా పక్కకు తీశారు. మీటరులో అంకె ఒకటి దిగింది, నిలబడింది, ఎక్కడం మొదలుపెట్టింది. ఎక్కుతూనే ఉంది. ఆయన గోళ్ళలోకి ఎరుపు వచ్చింది. భుజాలు కిందికి దిగాయి. వెనక్కి జారి, ఎన్నో రోజుల తర్వాత దిండుకు తల ఆనించారు. సుభద్రమ్మ వదిన కిటికీ వైపు తిరిగి చేతులు జోడించింది. నేను మంచం పట్టీ మీద నుదురు పెట్టి సిగ్గు లేకుండా పెద్దగా ఏడ్చాను.

"ఈ రేకూ ఏడాది తిరక్కుండా పూడుకుంటుందండీ," అన్నాను, ముఖం తుడుచుకుంటూ. మంచి మాటతో పాటు చెడ్డ మాట కూడా చెప్పేయకపోతే నాకు తోచదు.

"పూడుకుంటే మళ్ళీ తియ్యండి. పొయ్యడానికి ఇప్పుడు ఎవరికీ భయం లేదు కదా," అన్నారాయన. ఒక్క చోట కూడా ఆగలేదు. "నాకొక్కడికేటి, ఎవరికైనా తియ్యొచ్చు."

డాక్టరుగారు మీటరు మీంచి చూపు తిప్పారు. "నా వార్డు నిండా ఉన్నారండీ ఇలాంటివాళ్ళు. రాళ్ళు కొట్టినవాళ్ళు, మిల్లుల్లో పనిచేసినవాళ్ళు. ఎప్పటికి ఇవ్వగలరు?"

నేను జవాబు చెప్పేలోపే మా ఆయన నా కొంగు పట్టుకుని లాగారు.

"వాళ్ళకి తీసేటప్పుడు నేను దగ్గరుండి చూడాలి. నన్ను ఆ గదిలోకి రానిస్తావా హైమా?"

జబ్బు బయటపడిన నాటినుంచి ఆయన ఆ గదిలోకి అడుగు పెట్టలేదు. ఆ గుట్ట ఎక్కడానికే నేను ఒప్పుకునేదాన్ని కాదు. డాక్టరుగారి వైపు చూశాను. ఆవిడ ట్రేలోని రవ్వను ఒక్కసారి తానూ ఊది చూసి తల ఊపారు.

"సోమవారం వెళ్దాం," అన్నాను.